స్టారా, ఒకే పెద్ద టేబులా? పంచాయితీ మళ్లీ మొదటికొచ్చింది

రిపోర్టులు చేసే టీముల్లో పాత పంచాయితీ మళ్లీ లేచింది. అమ్మకాల అంకెలను ఒక ఫ్యాక్ట్ టేబుల్‌లో పెట్టి, చుట్టూ డీలరు, సరుకు, తేదీ లాంటి డైమెన్షన్ టేబుళ్లు కట్టాలా? ఇదే స్టార్ స్కీమా. లేక అన్నీ కలిపి ఒకే పెద్ద టేబుల్ చేసేయాలా? రిపోర్టుల డేటాను ఎలా పేర్చాలన్న దానిపై తొంభైల్లో నిపుణులు ఇన్‌మన్, కింబాల్ వర్గాల మధ్య నడిచిన వాదులాట పాతదే, మళ్లీ తవ్వక్కర్లేదు. ఇవాళ్టి గొడవకు మూలం 2005లో ఉంది.

ఆ ఏడాది డేటాబేస్ పరిశోధకుడు మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం సీ-స్టోర్ అనే డేటాబేస్‌పై పరిశోధన పత్రం వెలువరించింది. అప్పటికి ఎక్కువ డేటాబేస్‌లు వరుసల చొప్పున దాచేవి. మొత్తం అమ్మకం ఎంతో తేల్చాలన్నా వరుసలోని పేరూ ఊరూ అన్నీ చదవాల్సిందే. సీ-స్టోర్ కాలమ్‌ల చొప్పున దాచింది. అడిగిన కాలమ్‌ను మాత్రమే చదువుతుంది. ‘కరీంనగర్’ లక్షసార్లు ఉన్నా కుదించి కాస్త చోటులో సర్దేస్తుంది. ఇదేమీ తొలి ప్రయత్నం కాదు, సైబేస్ ఐక్యూ అనే ఇలాంటి డేటాబేస్ తొంభైల్లోనే అమ్ముడైంది. కానీ 2010లో ఎక్సెల్‌కు వచ్చిన పవర్‌పివట్, 2013లో అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ రెడ్‌షిఫ్ట్ ఈ పద్ధతిని మామూలు ఆఫీసుల దాకా తెచ్చాయి.

దాంతో చోటు ఆదా కోసమని డైమెన్షన్లను ఇంకా చిన్న టేబుళ్లుగా ముక్కలు చేసే స్నోఫ్లేక్ స్కీమా వాదం నీరుగారింది. (స్నోఫ్లేక్ అనే డేటా కంపెనీ వేరు, ఇది వేరు.) పెద్ద టేబుల్ వర్గానికి మాత్రం ఊపొచ్చింది. చోటు చవకైనప్పుడు టేబుళ్లను జోడించే జాయిన్ల తలనొప్పి ఎందుకు అన్నది వాళ్ల మాట.

స్టార్ వర్గం దగ్గర తెలుగువాళ్లకు బాగా తెలిసిన జవాబు ఉంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. నిన్నటిదాకా కరీంనగర్ లెక్కలో ఉన్న జగిత్యాల డీలరు తెల్లారేసరికి జగిత్యాల జిల్లా అయ్యాడు. రిపోర్టులో కరీంనగర్ అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తాయి. స్టార్‌లోనైతే ఆ డీలరుకు డైమెన్షన్‌లో రెండు వరుసలుంటాయి, ఏది ఏ తేదీ దాకా చెల్లుతుందో పక్కనే ఉంటుంది. ‘ఇప్పటి జిల్లా’ అని ఇంకో కాలమ్ పెడితే పాత అమ్మకాలను కొత్త పటం ప్రకారమూ చూపించొచ్చు. పెద్ద టేబుల్‌లో అది కావాలంటే పాత వరుసలన్నీ తిరగరాయాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడూ అదే పని.

నెల టార్గెట్లది ఇంకో చిక్కు. పెద్ద టేబుల్‌లో వాటిని బిల్లుల పక్కన అతికిస్తే ఒకే టార్గెట్ ప్రతి బిల్లుకూ రిపీట్ అవుతుంది. మొత్తం కూడితే టార్గెట్ ఎన్నో రెట్లు తేలుతుంది, మీటింగ్‌లో టెన్షన్ అక్కడే మొదలు.

తన రిపోర్టుల టూల్ పవర్ బీఐకి మైక్రోసాఫ్ట్ ఇప్పటికీ స్టార్‌నే సూచిస్తోంది. తన క్లౌడ్ డేటాబేస్ బిగ్‌క్వెరీ విషయంలో గూగుల్ కలిపేసిన టేబుళ్ల వైపు మొగ్గుతోంది. రెండూ వాడే ఆఫీసుల్లో కొందరు కింద స్టార్ కట్టుకుని, దాని మీద పెద్ద టేబుల్‌ను వ్యూగా, అంటే విడిగా దాచకుండా అడిగినప్పుడు తయారయ్యే టేబుల్‌లా, చూపిస్తున్నారు.