మందు అలవాటు పడేది ఎవరికి?

ప్రియమైన పిల్లలూ,

పోయిన నెల మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే పాప వచ్చి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, మా నాన్నమ్మ ఒంటికి ఆ యాంటీబయాటిక్ అలవాటైపోయిందట. అందుకే ఇప్పుడు పని చెయ్యట్లేదట. మందు కూడా కాఫీలాగా అలవాటవుతుందా?" అని. అప్పటికి ఏదో చెప్పి పంపించాను గానీ నా జవాబు నాకే నచ్చలేదు. ముప్ఫై రెండేళ్లు టీబీ ల్యాబులో పనిచేసినదాన్ని, ఇంకా బాగా చెప్పాల్సింది. అందుకే మీ అందరికీ ఈ ఉత్తరం.

కొన్ని మందులకు ఒళ్లు అలవాటు పడడం నిజమే. యాంటీబయాటిక్ సంగతి వేరు. అక్కడ మారేది మన ఒళ్లు కాదు, ఒంట్లో ఉన్న క్రిముల గుంపు. క్రిములు మందును చూసి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయని చాలామంది అనుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ మందు రాకముందే ఆ గుంపులో దానికి లొంగనివి ఒకటో రెండో ఉంటాయి. మందు మిగతావాటిని చంపేస్తుంది. ఖాళీ అయిన చోటంతా ఆ ఒకటీ రెండూ పిల్లల్ని పెట్టి నింపేస్తాయి.

మందు రాకముందే ఉన్నాయని ఎలా తెలిసింది? ఇది నాకు చాలా ఇష్టమైన ప్రయోగం, కాస్త నెమ్మదిగా చెబుతాను. 1952లో అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ అనే భార్యాభర్తలు చేశారు. వాళ్లకు కావలసిన ముఖ్యమైన వస్తువు ఒక వెల్వెట్ గుడ్డ ముక్క. పెడనలో కలంకారీ వాళ్లు అచ్చును రంగులో ముంచి బట్ట మీద అద్దడం చూశారా? అదే పని. మందు లేని ప్లేటులో బ్యాక్టీరియాను చుక్కలు చుక్కలుగా పెంచారు. దాన్ని వెల్వెట్ మీద బోర్లించి మెల్లగా నొక్కితే ప్రతి చుక్క నుంచీ కొన్ని క్రిములు గుడ్డ నూగుకు అంటుకుంటాయి. ఆ గుడ్డను మందు కలిపిన కొత్త ప్లేట్ల మీద ఒకదాని తర్వాత ఒకటి అద్దారు. మర్నాడు చూస్తే దాదాపు అన్నీ చచ్చిపోయాయి, ఎక్కడో కొన్ని చుక్కలు బతికాయి. విశేషమేమిటంటే, అద్దిన ప్రతి ప్లేటులోనూ అవి సరిగ్గా అదే చోట బతికాయి. మందును చూశాక నేర్చుకున్నవైతే ఒక్కో ప్లేటులో ఒక్కో చోట మొలవాలి కదా! మొదటి ప్లేటుకు తిరిగి వెళ్లి, అదే చోటు నుంచి క్రిములను తీసి వెతికితే, మందు వాసన కూడా తగలని గుంపులోనే లొంగనివి దొరికాయి. పెద్ద యంత్రాలేమీ లేవు, గుడ్డ ముక్కతో తేల్చారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

(కొన్ని రకాల బ్యాక్టీరియా ఈ లొంగని గుణాన్ని పక్కదానికి కూడా అందిస్తాయి. టీబీ క్రిమికి మాత్రం ఆ అలవాటు లేదు.)

ఇప్పుడు కాస్త లెక్క. టీబీ ముదిరి ఊపిరితిత్తిలో గుంట పడితే ఆ ఒక్క గుంటలో సుమారు 10 కోట్ల క్రిములు ఉండొచ్చు. ఒక మందుకు లొంగనిది ఉజ్జాయింపుగా 10 లక్షల్లో ఒకటి ఉంటుంది. అంటే ఆ గుంటలో 100 దాకా ఉన్నట్టే. ఒక్క మందే ఇస్తే అవే రేపటి గుంపు.

ఇది నిజంగానే జరిగింది. స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు 1943లో దొరికింది. బ్రిటన్‌లో దాన్ని టీబీ రోగుల మీద పరీక్షించారు. 55 మందికి మందు ఇచ్చారు, 52 మందికి మంచం మీద విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు వాడినవాళ్లలో నలుగురే పోయారు, రెండో గుంపులో అంతకంటే చాలా ఎక్కువమంది పోయారు. అందరూ ఎంత సంతోషించి ఉంటారో! అయిదేళ్ల తర్వాత లెక్క చూస్తే మందు వాడినవాళ్లలో 32 మంది, వాడనివాళ్లలో 35 మంది పోయారు. మొదట్లో కనిపించిన లాభం చాలావరకు ఆవిరైపోయింది. చాలామంది కఫంలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్రిములే మిగిలాయి.

అప్పుడు రెండో మందు కలిపారు. రెండింటికీ ఒకేసారి లొంగని క్రిమి ఎన్నింటిలో ఒకటి? 10 లక్షలను 10 లక్షలతో హెచ్చవేయండి. లక్ష కోట్లు! గుంటలో ఉన్నవి 10 కోట్లే. ఒక మందును తప్పించుకున్నదాన్ని రెండోది పట్టుకుంటుంది. టీబీకి నాలుగు రకాల మందులు కలిపి మొదలుపెట్టేది ఇందుకే.

ఈ లెక్క టీబీతో ఆగలేదు. ఇక్కడ మన భీమవరం బిడ్డ వస్తాడు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి. 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరి, తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలను నడిపించారు. కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ఆయన బృందం తయారుచేసింది, ఆ తర్వాత దానికి అడ్డుపడే మందులనూ తయారుచేసింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. అప్పటిదాకా ఆ పిల్లలకు మందే లేదు. 1948లో ప్రచురించిన లెక్క ప్రకారం 16 మందిలో 10 మంది కోలుకున్నారు. లేచి తిరిగారు, అన్నం తిన్నారు. కానీ ఫార్బర్ తన వ్యాసం పేరులోనే "తాత్కాలిక" అనే మాట పెట్టారు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. క్యాన్సర్ కణాల్లో కూడా మందుకు లొంగనివి ఉంటాయి, అవి మిగిలి పెరిగాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు వెళ్లిపోయారు. ఆ పిల్లలకు శాశ్వతంగా నయమయ్యే రోజు ఆయన చూడలేదు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు టీబీ దారే పట్టారు. నాలుగు మందులు కలిపి ఇద్దామన్నారు. పిల్లలు తట్టుకోలేరని తోటి డాక్టర్లే గట్టిగా ఎదురు చెప్పారు. వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఆ నాలుగింటిలో ఒకటి మెథోట్రెక్సేట్, అది కూడా సుబ్బారావు గారి బృందం చేసిందే. ఇవాళ మంచి చికిత్స అందే చోట ఈ రకం రక్త క్యాన్సర్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) వచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 90 మందికి నయమవుతోంది.

ఇక మా ల్యాబు సంగతి. టీబీ క్రిమికి తిండి కోడిగుడ్డు. పొద్దున్నే గుడ్లు సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పగలగొట్టి, పలుచని గుడ్డలో వడకట్టేవాళ్లం. మాలకైట్ గ్రీన్ రంగు కలిపితే లేత పచ్చగా అవుతుంది. చిన్న సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి వేడి చేస్తే గట్టిపడుతుంది. దాన్ని స్లోప్ అంటాం. కొన్నింటిలో మందు కలుపుతాం, కొన్నింటిలో కలపం. వాటి మీద రోగి కఫంలో దొరికిన క్రిమిని వేసి వారాల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు రెండు గంటల్లో కొంత సంగతి చెప్పే యంత్రాలు వచ్చాయి గానీ, మా రోజుల్లో ఓపికే యంత్రం.

ఒక కుర్రాడు ఉండేవాడు, లారీ క్లీనరు. మూడో నెలకి దగ్గు పోయింది, ఒళ్లు చేసింది, మాత్రలు మానేశాడు. మళ్లీ దగ్గు వస్తే కొన్నాళ్లు వేసుకునేవాడు, అది కూడా ఏ రకం చేతికి దొరికితే ఆ రకం. అంటే నాలుగు మందుల లెక్కను తానే ఒక మందు లెక్కగా మార్చుకున్నాడు. ఏడాది తిరగకుండా రక్తం కక్కుకుంటూ వచ్చాడు. అతని స్లోప్‌లు కిటికీ వెలుగులో పెట్టి చూశాను. మందు లేనిదాని మీద లేత పసుపు రంగులో, బొంబాయి రవ్వ ఉండకట్టినట్టు క్రిములు. పక్కన ఐసోనయాజిడ్ కలిపిన సీసాలోనూ రవ్వే. రిఫాంపిసిన్ సీసాలోనూ రవ్వే. టీబీకి ఉన్న రెండు పెద్ద మందులూ పోయాయన్నమాట. ఆ రిపోర్టు రాస్తుంటే చెయ్యి ఆడలేదు.

అతను రెండేళ్లు మందులు వాడాడు, మొదటి నెలల్లో రోజూ సూది. ఆ సూదుల వల్ల వినికిడి తగ్గింది. సూదుల్లేకుండా ఆరు నెలల్లో ముగిసే చికిత్స ఇప్పుడు వచ్చింది, అప్పట్లో లేదు. ఈసారి మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు. వాళ్లమ్మ క్యాలెండరు మీద రోజూ పెన్సిలుతో గీత పెట్టేది, వచ్చినప్పుడల్లా అది తెచ్చి నాకు చూపించేది.

చివరి పరీక్షకు వేసిన స్లోప్‌ను ఎనిమిదో వారం కిటికీ దగ్గరకు తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాను. పచ్చగా, నున్నగా, పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. రిజిస్టరులో అతని నంబరు ఎదురుగా "నో గ్రోత్" అని రాసి, ఆ సీసాను ఇంకోసారి వెలుగులో పెట్టి చూసుకున్నాను.

ప్రేమతో,
మీ ల్యాబు అమ్మమ్మ