మొదటి పుస్తకం వేయించుకునేవాళ్ళు నా ఎదురు కుర్చీలో చెప్పే మాటలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో పాతికేళ్ళుగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేస్తున్నాను. పెళ్ళి పత్రికలతో మొదలుపెట్టి, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌ల మీదుగా వచ్చి, ఇప్పుడు ఎక్కువగా పుస్తకాల పనే. టైపింగ్, ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు దిద్దే ప్రతులు), లేఅవుట్, ప్రెస్సుతో బేరం, బైండింగ్ దాకా వెంట ఉండి చేయిస్తాను. మొదటి పుస్తకం వేయించుకోవాలని వచ్చేవాళ్ళు నా ఎదురు కుర్చీలో కూర్చుని చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో సగం తప్పు. ఆ తప్పుకి డబ్బు కట్టేది మాత్రం ఎప్పుడూ రచయితే.

అపోహ: వెయ్యి కాపీలు వేస్తేనే గిట్టుబాటు

పుత్తూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ రెండో పుస్తకం పట్టుకుని వచ్చారు. మొదటిది వేరే ఊళ్ళో వెయ్యి కాపీలు వేయించారట. "ఎన్ని మిగిలినాయి సార్?" అని అడిగాను.

"మంచం కింద ఆరు కట్టలు, మిద్దె మీద రూములో తొమ్మిది. గోడ పక్కన పెట్టినవి చెదలు పట్టినాయి."

కట్టకి యాభై. అంటే ఏడువందల యాభై. మిగతావి అమ్మారా అంటే ఆయన నవ్వి, "యాడ అమ్మేది అబ్బా, పంచిపెట్టేసినా" అన్నారు.

వెయ్యి వేస్తే ఒక్కో కాపీ చవకగా పడుతుందన్నది నిజమే. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి మిషన్ మీద అచ్చేసే పద్ధతిలో, ఆ ప్లేట్లకయ్యే ఖర్చు, మిషన్ మీద రంగు కుదిరేదాకా పాడయ్యే కాగితం వందకైనా వెయ్యికైనా ఒకటే. కాపీలు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పలచబడుతుంది. ప్రెస్సువాళ్ళు చెప్పేది ఇంతవరకే. తర్వాతి లెక్క మనం వేసుకోవాలి.

లెక్క తేలిగ్గా ఉండేందుకు గుండు అంకెలు తీసుకుందాం. కాగితం రేటుని బట్టి అసలు ధరలు మారుతూనే ఉంటాయి. 160 పేజీల పుస్తకం, వెల 150. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు, ఒక్కోటి 60 పడితే 60,000. డిజిటల్‌లో (ప్లేట్లు లేకుండా ఫైలు నుంచే అచ్చు) రెండువందలు, ఒక్కోటి 100 పడితే 20,000. అమ్ముడుపోయినవి రెండువందలే అనుకోండి. షాపువాళ్ళు 40 శాతం కమిషన్ తీసుకుంటే మన చేతికి కాపీకి 90 వస్తుంది, మొత్తం 18,000. మొదటి దారిలో 42,000 మంచం కిందే ఉండిపోతాయి. రెండో దారిలో పోయేది రెండువేలు. ఆ రెండువందలూ చేతి మీదుగా పూర్తి వెలకు అమ్మగలిగితే పదివేలు మిగులుతాయి కూడా.

అందుకే ఎవరొచ్చినా ముందు ఒక తెల్లకాగితం, పెన్ను ఇస్తాను. మీ పుస్తకాన్ని డబ్బు పెట్టి కొనేవాళ్ళ పేర్లు రాయండి, ఊరికే ఇస్తే తీసుకునేవాళ్ళవి వద్దు అంటాను. చాలామంది పెన్ను ముప్పై, నలభై పేర్ల దగ్గర ఆగిపోతుంది. పుత్తూరు సార్ అరవై మూడు రాశారు. నూట యాభై వేశాం. నాలుగు నెలలకి ఫోన్ చేసి ఇంకో వంద వేయమన్నారు. ఫైలు నా దగ్గరే ఉంది, మళ్ళీ వేయడానికి వారం పట్టలేదు.

ఇంకో చిన్న సంగతి. డెమీ సైజులో (మామూలు కథల పుస్తకాల సైజు) ఒక ఫారం, అంటే ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే కట్ట, 16 పేజీలు. మీ పుస్తకం 163 పేజీలకు వస్తే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారమో, సగం ఫారమో పెరుగుతుంది. కృతజ్ఞతలు కాస్త కుదించి 160కి తెస్తే ఆ డబ్బు మిగులుతుంది. కృతజ్ఞతలు కుదించమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, కథ ఒకటి తీసేద్దామంటారు!

అపోహ: ఐఎస్‌బీఎన్ కొనుక్కోవాలి, అది ఉంటేనే హక్కులు మనవి

రెండూ తప్పే. మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే 13 అంకెల నంబరు) ఉచితం. ఢిల్లీలో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. ఆన్‌లైన్‌లో రచయితే స్వయంగా అప్లై చేసుకోవచ్చు. "ఐఎస్‌బీఎన్‌తో కలిపి ప్యాకేజీ" అని ఎవరైనా దానికి వేలల్లో అడిగితే, వాళ్ళు తీసుకుంటున్నది దరఖాస్తు నింపిపెట్టిన కూలి. పైగా ఆ నంబరు వాళ్ళ పేరు మీద తీసుకుంటే రికార్డులో ప్రచురణకర్త వాళ్ళే అవుతారు. మీ సొంత డబ్బుతో వేసుకుంటున్నప్పుడు అది మీ పేరు మీదే తీసుకోండి.

ఆ 13 అంకెలు పుస్తకానికి గుర్తు, అంతే. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈబుక్‌కి వేరొకటి. మార్పుల్లేకుండా మళ్ళీ అచ్చేస్తే పాతదే సరిపోతుంది.

హక్కుల సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణమే హక్కు మీది. అది మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రేపు గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి, భయం ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు.

అపోహ: ప్రచురణకర్త దొరికితే ఇక ఒప్పందం మీద సంతకం పెట్టేయడమే

ఈ ఒక్క విషయంలో మాత్రం మనవాళ్ళు మొహమాటపడతారు. "పెద్దవాళ్ళు, నమ్మకంగా ఇచ్చారు, చదవడం ఏం బాగుంటుంది?" అంటారు. చదవండి. కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ రచయిత వైపే ఉంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి "సర్వహక్కులు శాశ్వతంగా" అన్న మాట కనబడితే పెన్ను కింద పెట్టండి. సినిమా, ఆడియో, అనువాదం హక్కులు విడిగా ఉన్నాయో లేదో చూడండి. మీ దగ్గరే డబ్బు తీసుకుని, హక్కులూ వాళ్ళే ఉంచుకుంటామంటే అది ప్రచురణ కాదు, అచ్చు పనికి పెట్టిన ఇంకో పేరు.

అపోహ: హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళు లేకపోతే పని జరగదు

దామలచెరువు అనే ఊళ్ళో ఉంటూ బడిపంతులుగా పనిచేసిన కథకులు మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ రోజుల్లో కథ పోస్టులో పోవాలి, జవాబు పోస్టులో రావాలి. ఇప్పుడు మెయిల్ ఉంది.

తెలిసినవాళ్ళుంటే మేలే, కాదనను. కానీ తెలియని పేరు తెలిసిన పేరు అయ్యేది పత్రికల్లో. నాలుగైదు కథలు పత్రికల్లో వచ్చాక సంపుటి పంపితే ప్రచురణకర్త తెరిచి చూస్తాడు. పంపేటప్పుడు మొత్తం పుస్తకాన్ని వాట్సాప్‌లో పడేయకండి. అర పేజీలో పుస్తకం దేని గురించో, మీరెవరో రాసి, మంచివి రెండు కథలు యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్‌లోనైనా కనబడే అక్షరాల్లో) జతచేయండి. ఆ ప్రచురణ సంస్థ అసలు కథలు వేస్తుందా, కవిత్వం వేస్తుందా అని వాళ్ళ క్యాటలాగ్ చూడండి. తర్వాత నెలల తరబడి ఎదురుచూడాలి. వారానికొకసారి ఫోన్ చేస్తే ఎత్తడం మానేస్తారు.

అపోహ: ప్రూఫులు డీటీపీవాళ్ళే చూసుకుంటారు

నేను చూస్తాను. కానీ నాకు తెలిసిన తప్పులే నేను పడతాను. మీ తాతగారి పేరు సీతారామయ్యో సీతారామిరెడ్డో నాకెలా తెలుస్తుంది?

తెలుగుకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. పాత ఫైళ్ళు యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు జారిపోతాయి. "అత్త" కాస్తా "అత" అవుతుంది. యూనికోడ్‌లో టైప్ చేసి తెచ్చినా, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఎగిరిపోతే "బస్‌లో" అన్నది "బస్లో" అయి, ల కాస్తా స కింద వత్తుగా దిగుతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల కంపోజర్ (అక్షరాలు, వత్తులు సరిగ్గా కూర్చే అమరిక) ఆన్ చేయకపోతే అక్షరాలన్నీ విడివిడిగా చెల్లాచెదురవుతాయి. అందుకే ఫాంటు మారిన ప్రతిసారీ మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవాల్సిందే. స్క్రీన్ మీద కాదు, కాగితం మీద, పైకి చదువుతూ. ఒకరు మూలం చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసుకోవాలి. మా ఇంట్లో మా ఆవిడ చదువుతుంది, కథ బాగుంటే నడిమధ్యలో ప్రూఫు సంగతి మరిచిపోతుంది.

అపోహ: చిత్తూరు యాస ఉంటే పబ్లిషర్లు తీసుకోరు, "కరెక్టు" చేయించాలి

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కొత్తలో ఒకావిడ కథలో "వొస్తా వుండాను" అన్నచోటల్లా "వస్తున్నాను" అని దిద్దేశాను. ఆమె ప్రూఫు చూసి ఒక్క మాటే అన్నారు: "మా అమ్మ టీవీలో వార్తలు చదివినట్టుంది నాయనా." ఆ రాత్రే కూర్చుని అన్నీ వెనక్కి మార్చాను. ఇప్పుడు యాసలో రాసేవాళ్ళ చేత ముందే ఒక పట్టీ రాయించుకుంటాను: చానా, అట్నే, యాడికి, పొయ్యొచ్చినా, ఏ మాట ఎలా రాశారో అలా. పుస్తకమంతా ఒకే రకంగా ఉంటే చాలు. ఒక పేజీలో "వుండాడు", ఇంకో పేజీలో "ఉండాడు" ఉంటేనే పాఠకుడికి అచ్చుతప్పులా కనిపిస్తుంది.

అపోహ: తిరుపతిలో ఉన్నాం కదా, టీటీడీ డబ్బులిస్తుంది

టీటీడీకి పుస్తకాల అచ్చుకు ఆర్థిక సాయం చేసే పథకం ఉంది. కానీ అది ధార్మిక గ్రంథాలకు మాత్రమే, అదీ పండితులు చదివి బాగుందన్నాకే. మీ ప్రేమకథల సంపుటికి అది వర్తించదు. వెంకన్న మీద ఒక కవిత చేరిస్తే సరిపోతుందా అని అడిగినవాళ్ళున్నారు. సరిపోదు.

ఇంకొన్ని, గబగబా

పెద్దవాళ్ళ ముందుమాటలు నాలుగుంటే పుస్తకం అమ్ముడుపోతుందంటారు. ఒక ఫారం పెరుగుతుంది, అంతే. గూగుల్‌లో దొరికిన బొమ్మ అట్టకి పనికిరాదు: దానికో యజమాని ఉంటాడు, పైగా వాట్సాప్‌లో పంపితే నలిగిపోయి అచ్చులో మసకేస్తుంది. సినిమా పాట పల్లవులు పుస్తకంలో వాడాలన్నా అనుమతి కావాలి. ఆవిష్కరణ సభలో కాపీలు అమ్ముడుపోతాయన్నది తీయటి కల. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు అయ్యాక లెక్క చూస్తే, అమ్మిన కాపీల కంటే వేదిక మీద పంచినవే ఎక్కువ ఉంటాయి. సభ పెట్టండి, కానీ ద్వారం దగ్గర ఒక టేబుల్ వేసి, చిల్లర ఉన్న మనిషిని, ఒక క్యూఆర్ కోడ్‌ని కూర్చోబెట్టండి.

సొంతంగా వేసుకుంటే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమెరాతో సహా మరో మూడు గ్రంథాలయాలకు మీ ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. నా దగ్గర వేయించుకున్నవాళ్ళలో పంపినవాళ్ళు తక్కువ. పంపండి. మీ మంచం కింద చెదలు పట్టినా అక్కడ ఒక కాపీ ఉంటుంది.

చివరిగా, అచ్చుకి వెళ్ళేముందు రెండో పేజీలో "ప్రతులకు" అని ఉన్నచోట ఫోన్ నంబరు అంకె అంకె చూసుకోండి. ఒకాయన పుస్తకంలో ఒక్క అంకె తప్పు పడింది. పుస్తకం కావాలని చేసిన ఫోన్లన్నీ మదనపల్లెలో ఎవరో టైర్ల షాపాయనకి పోయేవి. ఇద్దరం కలిసి నాలుగువందల కాపీల మీద స్టిక్కర్లు అతికించాం, రెండు రాత్రులు పట్టింది.