స్పీకర్లో దాక్కున్న సైకిల్ డైనమో

డల్లాస్‌లో ఉండే ఒక తెలుగు కుర్రాడు మొన్న ఫోటోతో సహా ఒక ప్రశ్న పంపాడు. 1966 నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్ అనే ట్యూబు గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) కొన్నాడట, దాని స్పీకర్ కోను (ముందుండే కాగితపు గరాటు) చిరిగిపోయి ఉంటే కొత్తది తెప్పించాడు, దాని వెనక 8 ఓమ్‌లు అని ఉంది కానీ మల్టీమీటర్ పెడితే 6.3 చూపిస్తోంది, "నన్ను మోసం చేశారా సార్?" అని. మోసం ఏమీ లేదు. మీటరు చెప్పిందీ నిజమే, స్పీకర్ మీద రాసిందీ నిజమే.

పాత సైకిళ్ళకి టైరుని ఆనుకుని చిన్న సీసాలాంటి డైనమో ఉండేది గుర్తుందా? బల్బు మాడిపోయి ఉంటే అది తిరుగుతున్నా పెద్దగా తెలిసేది కాదు, కొత్త బల్బు పెట్టగానే పెడల్ బరువెక్కిపోయేది. అక్కడ తీగచుట్ట మధ్య అయస్కాంతం తిరుగుతుంది, స్పీకర్లో అయస్కాంతం కదలదు, దాని సందులో (గ్యాప్‌లో) కోనుకి అంటించిన తీగచుట్టే (కాయిల్) ముందుకీ వెనక్కీ కదులుతుంది, అంతే తేడా. అంటే ప్రతి స్పీకరూ ఒక డైనమో. ఆంప్ కరెంటు పంపితే కాయిల్ కదులుతుంది, కదిలిన కాయిల్ తన సొంత వోల్టేజీ పుట్టించి వచ్చే కరెంటునే వెనక్కి నెడుతుంది. మీటరు పంపేది చిటికెడు డీసీ కరెంటు, కోను కదలదు, డైనమో నిద్రలో ఉంటుంది, కాబట్టి మీటరుకి కనిపించేది రాగి తీగ ఒక్కటే, అదే 6.3.

ఇంట్లో పాడైన రేడియో ఉంటే స్పీకర్ ఊడదీసి కోను మీద వేలితో మెల్లిగా కొట్టండి, "డుమ్మ్" అని కాసేపు మోగుతుంది. ఇప్పుడు రెండు టెర్మినల్సూ ఒక తీగముక్కతో కలిపేసి మళ్ళీ కొట్టండి, "టప్" అని అక్కడికక్కడే ఆగిపోతుంది. బల్బు పెట్టిన డైనమో అదే. ఇంటర్ సెకండియర్‌లో, పుట్టిన కరెంటు తనని పుట్టించిన కదలికనే ఎదిరిస్తుందనే లెంజ్ నియమాన్ని మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు, ఈ ఒక్క దెబ్బ కొట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు కదా అని నాకు ఇప్పటికీ బాధే.

ఇక అసలు సంగతి. 12 అంగుళాల గిటార్ స్పీకర్ కోనుకి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దాదాపు 75 నుంచి 110 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, గిటార్ లావు ఇ తీగ 82 హెర్ట్జ్, సరిగ్గా అక్కడే పడుతుంది. అక్కడ కొంచెం తోస్తే చాలు కోను బాగా ఊగుతుంది, డైనమో వోల్టేజీ ఆంప్ పంపే దానికి దాదాపు సమానమైపోతుంది, కరెంటు బాగా తగ్గిపోతుంది, అంటే ఆంప్‌కి ఆ స్పీకర్ 8 కాదు 50 ఓమ్‌ల లాగా కనిపించొచ్చు. 400 హెర్ట్జ్ చుట్టుపక్కల ఆ ఓమ్‌లు కిందకి దిగుతాయి, స్పీకర్ మీద రాసే 8 అక్కడిదే. ఆ పైన కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) వల్ల మళ్ళీ పెరుగుతాయి. డీలక్స్ రివర్బ్‌లో స్పీకర్‌కి పవర్ ఇచ్చే రెండు 6వి6 రకం ట్యూబులకి కావాల్సిన లోడు (అవి మోయాల్సిన ఓమ్‌లు) దాదాపు 6,600 ఓమ్‌లు. ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి సుమారు 28.7కి 1, స్పీకర్ ఓమ్‌లు ట్యూబులకి ఆ నిష్పత్తి వర్గం రెట్లు కనిపిస్తాయి, ఆ వర్గం దగ్గరదగ్గర 825, దాన్ని 8తో గుణిస్తే 6,600. అదే లావు తీగ దగ్గర 50 అయితే ట్యూబులకి కనిపించేది 41 వేలు! ట్రాన్సిస్టర్ ఆంప్ వోల్టేజీని గట్టిగా పట్టుకుని ఉంచుతుంది, ట్యూబు ఆంప్ అంత గట్టిగా పట్టుకోదు, లోడు పెరిగిన చోటల్లా వోల్టేజీ కూడా పెరుగుతుంది, అందుకే బేస్ ఉబ్బుతుంది, పై స్వరాలు మెరుస్తాయి. ఆ ఆంప్‌లో స్పీకర్ మార్చడం అంటే సర్క్యూట్‌లో ఒక భాగాన్ని మార్చడమే.

అందుకే 8 చోట 8 ఓమ్‌లదే పెట్టాలి, స్పీకర్ లేకుండా మాత్రం ఎప్పుడూ వాయించకూడదు, ట్రాన్స్‌ఫార్మర్‌లో నిలవున్న శక్తికి దారి లేక వోల్టేజీ ఎగిసి ట్యూబు సాకెట్ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి.

ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రలోహం) అయస్కాంతంలో ఏదో మహత్తు ఉందని చాలామంది నమ్మకం. కాయిల్‌కి తెలిసేది గ్యాప్‌లో అయస్కాంత ఫ్లక్స్ ఎంతుందనేదే, పేరు కాదు. వినికిడిలో తేడా తెచ్చేవి ఎక్కువగా కోను కాగితం, కాయిల్ బరువు. సెన్సిటివిటీ (అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందనేది) 97 డెసిబెల్స్ నుంచి 100కి పెరిగితే 22 వాట్ల ఆంప్ 44 వాట్ల దానిలా వినిపిస్తుంది, ఇది మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

తమ్ముడూ, పాత స్పీకర్ పారేయకు. దాని ఫ్రేమ్ మీద 465తో మొదలయ్యే కోడ్ ఉంటే అది ఆక్స్‌ఫర్డ్ కంపెనీది, 220 అయితే జెన్సెన్ కంపెనీది, తర్వాతి అంకెలు తయారైన సంవత్సరం, వారం, కొత్త కోను వేయించొచ్చు. ఛాసిస్ (ఆంప్ సర్క్యూట్ ఉన్న లోహపు పెట్టె) విప్పే పని లేదు, విప్పకు, లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, స్విచ్ కట్టేసినా కెపాసిటర్లలో నిలవుంటుంది. కొత్తదాని నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు, ఒకేవైపు లాగితే ఫ్రేమ్ వంగి కాయిల్ రాసుకుంటుంది. బిగించాక కోనుకి రెండు వైపులా వేళ్ళు పెట్టి సమానంగా, మెల్లిగా నొక్కి చూడు, గరగర వినిపిస్తే నట్లు వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టు.