పుదుచ్చేరి పాత ఇళ్లు: గొడవ ముదిరింది 2014 వానలోనే

పుదుచ్చేరిలో ఏదో ఒక పాత ఇంటి చుట్టూ రేకులు కట్టారంటే చాలు, కూలగొట్టొద్దని ఒకరు, మా ఇల్లు మా ఇష్టమని ఇంకొకరు. ఫ్రెంచివాళ్లు ఎప్పుడొచ్చారో, 1954లో ఎలా వెళ్లారో యానాం పిల్లలనడిగినా చెబుతారు. దాన్ని వదిలేద్దాం. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 2014 నవంబరు 29.

ఆ శనివారం జోరువాన. బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న మెరీ, అంటే పాత మునిసిపాలిటీ భవనం, కుప్పకూలింది. 1870-71లో కట్టింది. బుల్డోజర్ రాలేదు, బిల్డర్ రాలేదు. బాగు చేయాలన్న మాట ఏళ్లుగా నడుస్తూనే ఉంది, అంతే.

ఇలాంటి కట్టడాలు ఒక్కరోజులో పడవు. వాటి పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద సున్నంలో పేర్చిన ఇటుక. చూసుకునే మనిషి ఉంటే నూరేళ్లు దాటినా చెక్కుచెదరదు. పైన పగులులో ఒక రావి మొక్క వేరు దింపిందంటే మాత్రం నీళ్లు మెల్లగా దూలం గోడలోకి దిగే చోటికి చేరతాయి. కింద నిలబడి చూస్తే దూలం బాగానే ఉంటుంది, గోడలో దాగిన కొన పుచ్చిపోయి ఉంటుంది. పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే ఇంకా అన్యాయం, లోపలి తేమకు బయటికి దారే ఉండదు.

ప్రపంచ బ్యాంకు నిధులతో మెరీని పాత రూపంలోనే మళ్లీ కట్టారు. 2021 ఫిబ్రవరిలో ప్రధాని ప్రారంభించారు. పేరు వారసత్వ భవనమే, వయసు మాత్రం పదేళ్లు కూడా లేదు.

ఇళ్లవాళ్ల చేతికి వాదన దొరికింది అక్కడే. తన సొంత భవనాన్ని నిలబెట్టుకోలేని సర్కారు మాకు రూల్స్ చెప్పడమేంటి అన్నది వాళ్ల మాట. దానికి సూటిగా జవాబు చెప్పడం కష్టం.

కొంచెం వెనక్కి వెళ్తే, 1990లలో పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ ఊళ్లోని పాత కట్టడాలను లెక్కగట్టింది. 1,800కు పైగా తేలాయి. తర్వాత వందల ఇళ్లు పోయాయి. పోయినవి ఎక్కువగా ఎటువైపువో చూడాలి. ఊరిని రెండుగా విడదీసే కాలువకు తూర్పున, ఫొటోల్లో కనబడే పసుపు గోడలు, కాగితం పూల వైపు, సర్కారు ఆఫీసులు, ఫ్రెంచి సంస్థలు, అరవిందాశ్రమం ఉన్నాయి. పడమటివి తమిళ కుటుంబాల ఇళ్లు. వీధి వైపు అరుగు, చెక్క స్తంభాల వసారా, నడుమ ఆకాశం కనిపించే ముట్రం. మన మండువా ఇంటికి వరసకు తోబుట్టువే.

ఆ ఇల్లు నలుగురు అన్నదమ్ముల పాలైందనుకోండి. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ, పక్కింటితో ఉమ్మడి గోడ. ముట్రాన్ని ఎలా పంచుతారు? ఒకరు చెన్నైలో, ఒకరు ఫ్రాన్స్‌లో ఉంటారు. పైకప్పు కారితే సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినా కూలి గిట్టదు. పక్కనే నెహ్రూ స్ట్రీట్‌లో గజం స్థలం రేటేమో రోజూ చెవినపడుతూనే ఉంటుంది. అమ్మేసి వాటాలు తీసుకుంటే తప్పు పట్టడం సులువే, ముఖ్యంగా అక్కడ రెండు రోజులుండి వచ్చే మనలాంటివాళ్లకు.

పరిరక్షకులు వైశ్యాల్ వీధిని చూపిస్తారు. 2000ల మొదట్లో ఐరోపా సాయంతో అక్కడి ఇళ్ల ముఖభాగాలు బాగు చేశారు, 2008లో యునెస్కో పురస్కారమూ వచ్చింది. వీధి నిజంగానే బాగుంటుంది. ఆ ముందు గోడల వెనక ముట్రం ఎవరి వాటాకు వచ్చిందన్నది మాత్రం ఇళ్లవాళ్లే తేల్చుకోవాలి.