ఇంటిపేరు మార్చుకోనన్న ఎడిటర్

ప్రియమైన పిల్లలూ,

చైనాలో పేపర్లన్నీ ప్రభుత్వానివే కదా తాతయ్యా, మరి జనం డబ్బులిచ్చి ఎందుకు కొంటారు అని మొన్న ఫోన్లో అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

చైనా దక్షిణాన గ్వాంగ్‌జౌ అనే పెద్ద నగరం ఉంది. అక్కడి పేపరు 'నాన్‌ఫాంగ్ దూషి బావ్'. దక్షిణ మహానగర పత్రిక అని అర్థం. 1997లో దినపత్రిక అయింది. యజమాని అక్కడి కమ్యూనిస్టు పార్టీ రాష్ట్ర శాఖే. కానీ పేపరు బతకాల్సింది అమ్మకాల మీద, ప్రకటనల మీద. యజమానికి నచ్చేదే రాస్తే జనం కొనరు, జనానికి కావలసింది రాస్తే యజమానికి కోపం.

సెన్సార్ అనగానే ఎర్ర పెన్ను పట్టుకుని ప్రతి లైనూ కొట్టేసే అధికారి గుర్తొస్తాడు. అక్కడ అలా ఉండదు. పార్టీ ప్రచార విభాగం నుంచి కబురు వస్తుంది: ఫలానా వార్త వద్దు, ఫలానాది సర్కారీ వార్తా సంస్థ ఇచ్చినట్టే వేయండి. చాలాసార్లు కబురు రాకముందే ఎడిటర్లే భయపడి కత్తెర వేసుకుంటారు. ధైర్యమున్న వాళ్లు మాత్రం ఆ కబురు అందేలోపే అచ్చు వేసేసేవాళ్లు.

సున్ జిగాంగ్ సంగతి అలాగే బయటికొచ్చింది. వయసు 27. హుబే రాష్ట్రం నుంచి డిజైనర్ ఉద్యోగానికి గ్వాంగ్‌జౌ వచ్చి నెల కూడా కాలేదు. 2003 మార్చి 17 రాత్రి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తుంటే పోలీసులు ఆపారు. అతని దగ్గర తాత్కాలిక నివాస పర్మిట్ లేదు. పరాయి ఊళ్లో పర్మిట్ లేకుండా దొరికిన వాళ్లను నిర్బంధించి సొంతూరికి పంపేయవచ్చని 1982 నాటి నిబంధన ఒకటుండేది. మూడు రోజులకు, మార్చి 20న, నిర్బంధంలోనే చనిపోయాడు. జబ్బుతో పోయాడన్నారు. ఇంట్లోవాళ్లు పట్టుబట్టి శవపరీక్ష చేయిస్తే, కొట్టి చంపారని తేలింది.

ఏప్రిల్ 25న పేపరు ఆ కథంతా వేసింది. దేశం అట్టుడికింది. జూన్‌లో ప్రధాని వెన్ జియాబావ్ ఆ నిబంధననే రద్దు చేశారు. ఇరవై ఏళ్లుగా కోట్లాది వలస కూలీలను వణికించిన నిబంధన అది! దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆ ధైర్యానికి మూల్యం కూడా చెల్లించారు. 2004లో ఎడిటర్ చెంగ్ ఈజోంగ్‌ను పట్టుకెళ్లి, కోర్టులో అభియోగమేదీ మోపకుండానే ఐదు నెలలు ఉంచారు. మేనేజర్ యూ హువాఫెంగ్‌కు అవినీతి కేసులో 12 ఏళ్ల శిక్ష వేశారు, అప్పీలులో అది 8 ఏళ్లయింది. మరుసటి ఏడాది యునెస్కో పత్రికా స్వేచ్ఛ అవార్డు చెంగ్‌నే వరించింది.

2010 డిసెంబర్ 12 మొదటి పేజీ ఫోటో ఎప్పుడైనా దొరికితే చూడండి. అందులో కొంగలు, వాటి దగ్గర ఖాళీ కుర్చీలు. ఆ రోజు నగరంలో దివ్యాంగుల ఆసియా క్రీడలు మొదలయ్యాయి, ఫోటో దాని గురించే అన్నట్టుంటుంది. కానీ సరిగ్గా రెండు రోజుల ముందు, ప్రజాస్వామ్యం కావాలన్నందుకు చైనా జైల్లో ఉన్న రచయిత లియూ షియావ్‌బోకి నోబెల్ శాంతి బహుమతి ఇస్తూ ఓస్లో వేదిక మీద ఖాళీ కుర్చీ ఉంచారు. చైనీస్‌లో కొంగకూ, అభినందించడానికీ ఉచ్చారణ ఒక్కటే. పాఠకులు ఇట్టే పట్టేశారు. మన ఎమర్జెన్సీలో, 1975 జూన్‌లో, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేయడం నాకు గుర్తొచ్చింది.

2016 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, ప్రభుత్వ మీడియా 'పార్టీ ఇంటిపేరే' పెట్టుకోవాలన్నారు, అంటే పార్టీకి విధేయంగా ఉండాలని. మర్నాడు ఈ పేపరు షెంజెన్ నగర ఎడిషన్‌లో ఆ వార్త పైన వచ్చింది. దాని కిందే చైనా ఆర్థిక సంస్కరణలకు బాట వేసిన వాళ్లలో ఒకరైన యువాన్ గెంగ్ అస్థికలను సముద్రంలో కలిపిన ఫోటో. రెండు శీర్షికల చివరి అక్షరాలనూ పైనుంచి కిందికి చదివితే, 'పార్టీ ఇంటిపేరు పెట్టుకున్న మీడియా ఆత్మ సముద్రంలో కలిసింది' అని వస్తోంది. కావాలని చేశారో, కాకతాళీయమో, ఎడిటర్ ఉద్యోగం పోయింది.

మరుసటి నెల అదే పేపరులో యూ షావ్‌లే అనే ఎడిటర్ రాజీనామా ఫారం నింపాడు. కారణం అని ఉన్న గడిలో రాసింది ఒక్క వాక్యం: మీ ఇంటిపేరు నేను పెట్టుకోలేను.

ఆశీస్సులతో,
తాతయ్య