రెండు నాణేలకు పర్యవసానాలు మూడా, నాలుగా? బడి గణితంలోకి సంభావ్యత వచ్చిన దారి

రెండు నాణేలు ఎగరేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే సంభావ్యత ఎంత? ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు తరచుగా రాసే తప్పు జవాబు 1/3. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి. మొత్తం మూడు, కావలసింది ఒకటి. సూత్రం సరిగ్గానే వాడారు, భిన్నమూ సరిగ్గానే రాశారు. తప్పు జరిగింది అంతకు ముందే, జాబితా రాసేటప్పుడు. మొదటి నాణెం బొమ్మ, రెండోది బొరుసు పడటం ఒకటి. మొదటిది బొరుసు, రెండోది బొమ్మ పడటం ఇంకొకటి. పర్యవసానాలు, అంటే పడే వీలున్న ఫలితాలు, నాలుగు కాబట్టి జవాబు 2/4, అంటే 1/2.

ఈ తప్పుకు పిల్లల్ని కోప్పడే ముందు చరిత్ర చూడాలి. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో 1754లో బొమ్మాబొరుసు మీద వ్యాసం రాసిన దలాంబేర్ సామాన్యుడు కాదు, యూరప్‌లో పేరుమోసిన గణితవేత్త. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం 2/3 అని ఆయన వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే, ఇక రెండోసారి ఎగరేయడం ఎందుకని ఆయన లెక్క. అలా మిగిలినవి మూడు: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసు. ఈ మూడూ సమసంభవాలు కావు, అంటే మూడింటికీ సమాన అవకాశం లేదు. మొదటిదాని బరువు మిగతావాటికి రెట్టింపు. సరైన జవాబు 3/4.

నిజానికి ఈ చిక్కుముడి అంతకు వందేళ్ల ముందే, 1654లో, ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మాల ఉత్తరాల్లో విడిపోయింది. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలన్నది వాళ్ల ప్రశ్న. ఇటలీలో లూకా పచోలీ అనే గణితవేత్త 1494లోనే దీన్ని పుస్తకంలో వేసి, అప్పటిదాకా గెలిచిన ఆటల నిష్పత్తిలో పంచమన్నాడు. ఫెర్మా వెనక్కి కాదు, ముందుకు చూశాడు. ఒకడు గెలవడానికి ఇంకా రెండు ఆటలు కావాలి, ఇంకొకడికి మూడు కావాలి అనుకుందాం. మహా అయితే నాలుగు ఆటల్లో తేలిపోతుంది. నాలుగు ఆటలకు పర్యవసానాలు 16. వాటిలో 11 మొదటివాడివి, 5 రెండోవాడివి. సొమ్మునూ 11:5గా పంచాలి. రెండో ఆటకే ఫలితం తేలిపోతే నాలుగూ ఆడరు కదా అని రోబెర్వల్ అనే గణితవేత్త అప్పుడే అభ్యంతరం చెప్పాడు. ఆడని ఆటల్ని కూడా జాబితాలో ఉంచితేనే ప్రతి పర్యవసానానికీ సమాన బరువు వస్తుంది. దలాంబేర్ వదిలేసింది సరిగ్గా దీన్నే.

గెలీలియో చేసిన లెక్క దీనికంటే పాతది, తరగతికి ఇంకా బాగా పనికొస్తుంది. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 వచ్చే కూర్పులు ఆరు, 10 వచ్చేవీ ఆరే. అయినా 10 ఎక్కువగా ఎందుకు పడుతుంది? 1-2-6 లాగా మూడు అంకెలూ వేరైతే అది ఆరు రకాలుగా పడుతుంది; 1-4-4 లాంటిది మూడు రకాలుగా; 3-3-3 ఒక్క రకంగానే. ఈ లెక్కన 9కి 6+6+3+3+6+1, అంటే 25. 10కి 27. మొత్తం 216. తేడా నూటికి ఒకటి కూడా లేదు. పాచికలు వేసి ఈ తేడా పట్టుకోవాలంటే వేలసార్లు వేయాలి. జాబితా రాస్తే కాగితం మీద పావుగంటలో తేలుతుంది.

ఒక్కటీ వదలకుండా, ఏదీ రెండుసార్లు రాకుండా జాబితా రాసే పద్ధతి మన ఛందస్సులో ఎప్పటినుంచో ఉంది. పింగళుడి సంప్రదాయంలోని ప్రస్తారం అదే. మూడు గురువులతో మొదలుపెట్టాలి. ఎడమ నుంచి మొదట కనిపించిన గురువు కింద లఘువు రాయాలి. దాని కుడివైపు ఉన్నది ఉన్నట్టు దించాలి. ఎడమవైపు ఖాళీలుంటే గురువులు నింపాలి. ఇలా చేసుకుంటూ పోతే వరసగా మ, య, ర, స, త, జ, భ, న గణాలు వస్తాయి. ఎనిమిదే, తొమ్మిదోది లేదు. గురువు చోట బొమ్మ, లఘువు చోట బొరుసు పెడితే మూడు నాణేల పర్యవసానాలు పూర్తి. తెలుగు పీరియడులో గణాలు గుర్తించే పిల్లలకు గణితం పీరియడులో ఈ ఎనిమిదింటిని కొత్తగా నేర్పనక్కర్లేదు. రెండింటినీ ఒకే బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు.

జాబితా పాతదే అయినా ప్రయోగం విలువ తెలియడానికి సమయం పట్టింది. ప్రయోగాల సంఖ్య పెరిగేకొద్దీ నిష్పత్తి అసలు సంభావ్యతకు దగ్గరవుతుందన్న స్విస్ గణితవేత్త యాకోబ్ బెర్నూలీ నిరూపణ, ఆయన పోయాక 1713లో అచ్చయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త బఫన్ 4,040 సార్లు నాణెం ఎగరేసి 2,048 బొమ్మలు చూశాడు. ఇంగ్లండు గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 24,000 సార్లు ఎగరేస్తే 12,012 బొమ్మలు పడ్డాయి.

ఇక బడి సంగతి. పిల్లల మనసులో యాదృచ్ఛికత అనే ఊహ ఎలా రూపుదిద్దుకుంటుందో మనస్తత్వవేత్తలు పియాజే, ఇన్‌హెల్డర్ 1951లో పుస్తకంగా రాశారు. అమెరికాలో గణిత ఉపాధ్యాయుల జాతీయ మండలి 1989 ప్రమాణాల్లో 5-8 తరగతులకు సంభావ్యతను చేర్చింది. అక్కడ చాలా రాష్ట్రాలు తీసుకున్న ఉమ్మడి పాఠ్య ప్రమాణాలు, 2010 కామన్ కోర్, దాన్ని ఏడో తరగతిలో పెట్టాయి. అక్కడి మన తెలుగు పిల్లలు చాలామంది చదివేది ఆ వరసలోనే.

మన దగ్గర సంభావ్యత అంటే చాలాకాలం ఇంటర్ పాఠమే గుర్తొచ్చేది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ) పుస్తకాలు దాన్ని కిందికి దించి, తొమ్మిదిలో ప్రయోగాత్మక సంభావ్యత, పదిలో సైద్ధాంతిక సంభావ్యత అని పంచాయి. ఆ వరస మంచిది. చేతితో చేసి చూశాకే సూత్రం వచ్చేది. కొవిడ్ తర్వాత భారం తగ్గింపులో భాగంగా 2022-23లో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి నుంచి ఆ అధ్యాయాన్ని తీసేసింది. తీయాల్సి వస్తే పదిలో కొన్ని పేకముక్కల లెక్కలు తీయొచ్చు. ప్రయోగాన్ని తీయడం పునాది తీయడమే. మన రాష్ట్ర పుస్తకాలకు వేరే ఇబ్బంది ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో తయారైన తొమ్మిదో తరగతి పుస్తకంలో సంభావ్యత 14వ అధ్యాయం, అంటే చివరి నుంచి రెండోది. అక్కడికి చేరేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి, ఎగరేయాల్సిన నాణెం బోర్డు మీది బొమ్మ అవుతుంది.

ఒక్క పీరియడు దొరికినా ప్రయోగం చేయించవచ్చు. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ప్రతి జతకూ ఒక రూపాయి బిళ్ల, ఒక ఐదు రూపాయల బిళ్ల ఇవ్వాలి. రెండూ ఒకే రకం బిళ్లలైతే బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ వేరని కంటికి కనిపించదు. 1/3 తప్పు పుట్టేది అక్కడే. ఒకరు ఎగరేస్తే ఇంకొకరు నాలుగు గడుల పట్టికలో గీత పెట్టాలి. బల్ల కిందికి దొర్లితే ఆ వంతు మొత్తం రద్దని ముందే చెప్పాలి, లేకపోతే నచ్చిన ఫలితం ఉంచుకుంటారు. బొంగరంలా తిప్పనివ్వకూడదు, అలా తిప్పితే బిళ్ల ఒకవైపే మొగ్గే వీలుంది.

జతకు 25 సార్లు చాలు, కానీ ఒక్క జత లెక్కతో ఏదీ తేలదు. 1/2 నిజమైతే చెరొకటి సుమారు 12 లేదా 13 సార్లు పడాలి, 1/3 నిజమైతే 8 సార్లు. ఒక జతకు 9 వచ్చిందంటే ఎటైనా అనుకోవచ్చు. 20 జతలవి కలిపితే 500. అప్పుడు 1/2 చెప్పేది 250, 1/3 చెప్పేది 167. మామూలుగా వచ్చే ఊగిసలాట 250కి అటూ ఇటూ ఇరవై పైచిలుకు. బోర్డు మీద కూడిక పూర్తయ్యేసరికి వాదన ముగుస్తుంది.

కొందరు ఎగరేయకుండానే గీతలు పెడతారు. అందుకే ఫలితాలను పడిన వరసలోనూ రాయించాలి. ఒకే నాణేన్ని 25 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట నాలుగు అంతకంటే ఎక్కువ బొమ్మలో బొరుసులో వరసగా పడే అవకాశం నూటికి 85. ఊహించి రాసేవాళ్లు అంత పొడవు వరసలు రాయడానికి జంకుతారు.

ఆ తర్వాత అష్టాచెమ్మా. నాలుగు చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీసి వేస్తే 1, 2, 3, 4, 8 పడతాయి. ఐదు ఫలితాలు కాబట్టి ఒక్కొక్కటీ 1/5 అనేవాళ్లు ఇక్కడా ఉంటారు. రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే 16 పర్యవసానాల్లో 2కి ఆరు, 1కి, 3కి నాలుగేసి, చెమ్మాకు (నాలుగూ తెల్లగా పడితే 4) ఒకటి, అష్టాకు (ఒక్కటీ తెల్లగా పడకపోతే 8) ఒకటి. కానీ పిక్కకు, గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు. వంద పందేలు వేయించి, పడిన 400 పిక్కల్లో తెల్లవి ఎన్నో లెక్కపెట్టించాలి. అవి 240 వచ్చాయనుకుందాం, అంటే 0.6. అప్పుడు చెమ్మాకు 0.6ను నాలుగుసార్లు గుణిస్తే సుమారు 13 శాతం, అష్టాకు 0.4ను నాలుగుసార్లు గుణిస్తే రెండున్నర శాతం. ఈ రెండు అంకెలనూ ఆ వంద పందేల్లో నిజంగా పడిన చెమ్మాలు, అష్టాలతో పోల్చి చూడమనాలి.