అపోహలు - వాస్తవాలు: ఎర్ర లైను బ్రౌజర్‌లో, తప్పు ఎక్కడో

హన్మకొండలో మాది చిన్న టీమ్. ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి వ్యాపారి కోసం తక్‌పట్టీలు (సరుకు అమ్మిన రైతుకిచ్చే లెక్క చీటీలు) రాసే వెబ్ అప్లికేషన్ చేస్తున్నాం, సర్వర్ కూడా నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) మేమే రాసుకున్నాం. తప్పు బ్రౌజర్‌లో ఉందా, సర్వర్‌లో ఉందా అని వెతికేటప్పుడు, కొత్తగా ఎవరు చేరినా మొదటి నెలలో కింద రాసిన ఈ మాటలే అంటారు, ప్రతిసారీ చెప్పి చెప్పి నోరు నొస్తోంది కాబట్టి రాసి పెడుతున్నా.

అపోహ: "అన్నా, పోస్ట్‌మ్యాన్‌ల వస్తుంది, బ్రౌజర్‌ల వస్తలేదు. సర్వర్ మంచిగనే ఉన్నట్టు."

వాస్తవం: పోస్ట్‌మ్యాన్ అంటే బ్రౌజర్ లేకుండా సర్వర్‌కు రిక్వెస్ట్ పంపి చూసే టూల్. అందులో వచ్చిందంటే సర్వర్ లేచి ఉందని తెలుస్తుంది, అంతే. పేజీ లోకల్‌హోస్ట్ 3000 నుంచి వచ్చి, సర్వర్ 8080 మీద ఉంటే, పోర్టు వేరు కాబట్టి బ్రౌజర్ లెక్కలో అవి రెండు వేర్వేరు ఆరిజిన్లు, అంటే వేర్వేరు చిరునామాలు. ఫలానా ఆరిజిన్‌కు చూపించొచ్చు అని సర్వర్ తన హెడర్‌లో (జవాబుకు తోడుగా వచ్చే వివరాల్లో) చెప్పకపోతే, జవాబు వచ్చినా బ్రౌజర్ దాన్ని మన కోడ్ చేతిలో పెట్టదు. కోర్స్ (CORS) అంటే ఇదే. పోస్ట్‌మ్యాన్‌కు, కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే కర్ల్‌కు ఈ పట్టింపే లేదు.

అపోహ: కోర్స్ ఎర్రర్ వచ్చిందంటే రిక్వెస్ట్ సర్వర్‌దాకా పోలేదు.

దీనికి మేం బాగానే మూల్యం కట్టాం. టెస్టింగ్‌లో ఒక తమ్ముడు తేజ మిర్చి పన్నెండు బస్తాలకు తక్‌పట్టీ ఎంట్రీ కొట్టి సేవ్ నొక్కాడు, బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రగా కోర్స్ ఎర్రర్. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. ఐదుసార్లు నొక్కి, చాయ్ తాగొచ్చి డేటాబేస్ చూస్తే ఒకే రైతు పేరున ఐదు తక్‌పట్టీలు! మామూలు ఫారం లాగా పంపిన పోస్ట్ రిక్వెస్ట్‌ను బ్రౌజర్ ముందుగా ఆపదు. అది నేరుగా వెళ్తుంది, సర్వర్ పని పూర్తి చేస్తుంది, తిరిగొచ్చిన జవాబును మాత్రమే బ్రౌజర్ మనకు చూపించదు. అదే డేటాను జేసన్ (JSON) రూపంలో, కంటెంట్ టైప్ హెడర్‌లో ఆ పేరే పెట్టి పంపితే కథ వేరు, ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ వెళ్లి అనుమతి అడుగుతుంది, అది దొరక్కపోతే అసలుది బయల్దేరదు.

ఇందులో ఇంకో నవ్వులాట ఉంది. రెండు వైపులా ఒకే రిక్వెస్ట్‌ను పట్టుకుందామని, క్లయింట్ నుంచి ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక సొంత హెడర్‌లో నంబర్ వేసి పంపడం మొదలుపెట్టాం. డూప్లికేట్లు టక్కున ఆగిపోయాయి! బగ్గు పోయిందని సంబరపడ్డాం. తీరా చూస్తే, సొంత హెడర్ ఉంటే కూడా ముందు ఆప్షన్స్ వెళ్తుంది, మా సర్వర్‌లో దానికి జవాబిచ్చే రూటే లేదు, అందుకని తక్‌పట్టీ ఒక్కటి కూడా సేవ్ కావడం లేదు. అయినా ఆ నంబర్ పద్ధతి వదల్లేదు, సర్వర్‌లో ఆప్షన్స్‌కు జవాబు రాశాక ఇప్పటికీ మాకు ఎక్కువ పనికొచ్చేది అదే. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఉన్న నంబర్ సర్వర్ లాగ్‌లో ఉందా లేదా అన్నది చూస్తే సగం వాదులాటలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ <" అంటే జావాస్క్రిప్ట్‌లో ఎక్కడో బ్రాకెట్ తప్పింది.

అరగంట బ్రాకెట్లు లెక్కపెట్టిన వాళ్లను చూశాను. ఆ గుర్తు చాలాసార్లు హెచ్‌టీఎంఎల్ పేజీ మొదటి అక్షరం. దొరకని దారి ఏదొచ్చినా ఇండెక్స్ పేజీ ఇచ్చెయ్ అని మన సర్వర్‌లో మనమే రాసి ఉంటాం. ఏపీఐ దారిలో (డేటా అడిగే సర్వర్ అడ్రస్‌లో) ఒక అక్షరం తప్పితే జేసన్ బదులు ఆ పేజీ వస్తుంది, అదీ అంతా బాగుందని చెప్పే 200 స్టేటస్‌తో దర్జాగా. రెస్పాన్స్ ట్యాబ్ తెరిచి మొదటి లైను చదవండి. అన్నట్టు, 404 (దొరకలేదు) వచ్చినా 500 (సర్వర్‌లో తప్పు) వచ్చినా, రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్ దాన్ని ఎర్రర్‌గా విసరదు, జవాబులోని "ఓకే" అవునో కాదో మనమే చూసుకోవాలి.

అపోహ: బ్రేక్‌పాయింట్ (కోడ్‌ను ఒక లైను దగ్గర ఆపడానికి పెట్టే చుక్క) దగ్గర ఆగలేదంటే ఆ కోడ్ నడవలేదు.

నడిచే ఉండొచ్చు. బ్రౌజర్ నడిపేది బండిల్ చేసిన (అన్నీ కలిపి కట్టిన) ఫైలును, మనం చుక్క పెట్టేది అసలు ఫైలులో. ఈ రెండింటినీ కలిపేది సోర్స్ మ్యాప్. సొంత సర్వర్ ఆ మ్యాప్ ఫైలును ఇవ్వకపోయినా, మనం కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో వెబ్ రూట్ ఫోల్డర్ తప్పుగా ఉన్నా చుక్క బోలుగా ఉండిపోతుంది. వీఎస్ కోడ్ అటాచ్ కావడానికి క్రోమ్‌ను 9222 డీబగ్ పోర్టుతో తెరిచామనుకుంటాం కానీ అప్పటికే ఒక క్రోమ్ నడుస్తుంటే కొత్త కిటికీ దాంట్లోనే తెరుచుకుంటుంది, పోర్టు తెరుచుకోదు. 2025లో వచ్చిన క్రోమ్ 136 నుంచైతే మామూలు ప్రొఫైల్‌తో ఆ పోర్టు ఆప్షనే పనిచేయదు, వేరే డేటా ఫోల్డర్ ఇవ్వాల్సిందే.

అపోహ: రెండు వైపులా బ్రేక్‌పాయింట్లు పెడితే ఇక తిరుగులేదు.

పెట్టండి, క్రోమ్‌కు, నోడ్‌కు వీఎస్ కోడ్ నుంచి ఒకేసారి అటాచ్ కావచ్చు, నోడ్‌ డీబగ్ పోర్టు 9229. కానీ సర్వర్‌ను ఒక లైను దగ్గర ఆపి మనం తీరిగ్గా వేరియబుల్స్ చూస్తుంటే, క్లయింట్‌లో పది సెకన్ల టైమౌట్, ఆపై రీట్రై రాసి ఉన్నామన్న సంగతి గుర్తుండదు. కదిలించేసరికి క్యూలో మూడు రిక్వెస్టులు ఉంటాయి, లేని బగ్గు కోసం సాయంత్రం పోతుంది. నేనైతే డీబగ్ చేసేటప్పుడు ముందు ఆ రీట్రై తీసేసి కూర్చుంటాను.